మూడడుగుల రెండంగుళాల సమాధి

1978 మార్చి ఒకటి నుంచి 2012 జూన్ ముప్పై వరకు, అంటే ముప్పై నాలుగేళ్ల నాలుగు నెలలు, మాజీ సైనికుల సంక్షేమం చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేశాను. మొదట గుమస్తాగా, చివర సూపరింటెండెంటుగా. మధ్యలో వచ్చిన పదోన్నతులు ఎవరికీ అక్కరలేదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఈ మధ్య ఆ కార్యాలయంలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చి, "అసలు ఈ కొల్వుల పనేముంటది మేడం?" అని అడిగారు. ఫారాలు నింపడం, నకళ్లు పంపడం అని చెప్పి టీ ఇచ్చి పంపించాను. వాళ్లు వెళ్లాక సిగ్గేసింది. అది సగం జవాబు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

పసుపు కింద నంబరు

మా పనికి మూలం ఒక నంబరు. సైన్యంలో చేరిన ప్రతి మనిషికీ ఒకటి ఉంటుంది. పేరు తప్పు పడవచ్చు, ఊరి పేరు అధికారి నోటికి తిరగక ఇంకేదో కావచ్చు, వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు. నంబరు దొరికితే మాత్రం మనిషి దొరుకుతాడు.

నేను చేరిన మూడో ఏడు, సారంగాపూర్ వైపు నుంచి ఒక పెద్దాయన తన డిశ్చార్జి పుస్తకం తెచ్చాడు. ఎర్ర గుడ్డలో నాలుగు మడతలు చుట్టి తెచ్చాడు. విప్పితే పసుపు, కుంకుమ, ఎండిన బంతి రేకులు. నంబరు ఉండాల్సిన చోట పసుపు గట్టిగా గడ్డ కట్టి ఉంది.

"ఇదేంది తాతా?"

"దసరకు ఆయుధపూజ జేస్తం గదమ్మా. నాగలికి జేస్తి, కొడవలికి జేస్తి. తుపాకి సర్కారుకు అప్పజెప్పి వస్తిని. ఇగ నాకున్న ఆయుధం గదే."

ముప్పై నాలుగు దసరాల పసుపు. తడిగుడ్డ పెడితే సిరా పోతుంది. ఆ కాగితాన్ని కిటికీ దగ్గర ఎండకు అడ్డంగా పట్టుకుని, పాళీ నొక్కిన గుర్తులను వెనుక వైపు నుంచి ఒక్కొక్కటే చదివాను. ఏడు అంకెలు, గంటన్నర. ఆయన పింఛను కాగితాలు కదిలాయి. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు. నిలబడే సిరిసిల్ల దాకా వెళ్లాను, నేల మీద కాళ్లు ఆనలేదు. నాది సాలెవాళ్ల ఇల్లు. మగ్గం మీద పోగు తప్పితే ఎక్కడ తప్పిందో వెనక్కి వెతకడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. ఈ కొలువు నా కోసమే పుట్టిందనుకున్నాను. ఆ గర్వమే తర్వాత నన్ను దెబ్బ తీసింది.

కర్నల్ సాబ్ అడిగే ప్రశ్న

నేను పనిచేసిన అధికారుల్లో ఇద్దరు మంచివాళ్లు, ఒకరు సోమరి, ఒకరికి సంతకం పెట్టడమంటే భయం. మంచివాళ్లలో ఒకాయన సైన్యంలో కర్నలుగా చేసి వచ్చినవాడు. ఫైలు ఆయన ముందు పెడితే అందులో ఏముందో అడగడు.

"గీ కాగితం రాసినోడు ఏడ నిలబడి రాసిండు?" అంటాడు.

"అంటే ఏంది సార్?"

"అంటే కండ్లతోని చూసి రాసిండా, ఇంకొకడు చెప్తే రాసిండా, పైవాడు అడిగిండని ఖాళీ నింపిండా? గది తెలుసుకోకుండ నా ముంగట ఫైలు పెట్టకమ్మా."

ఆయన బదిలీ అయ్యాక ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు. నన్ను నేనైనా అడగవలసింది. 1998లో అడగలేదు.

సంతోషమ్మ

ఆ ఏడు పెగడపల్లి నుంచి సంతోషమ్మ అనే కూలిమనిషి వచ్చింది. అప్పటికి ఆమెకు యాభై ఐదేళ్లు. చేతిలో ఒక పోస్టుకార్డు. తండ్రి యోహాను 1942లో సైన్యంలో చేరి, రోడ్లూ వంతెనలూ వేసే దళంతో బర్మా సరిహద్దుకు వెళ్లాడు. అక్కడి నుంచి రాసిన కార్డు అది. వెనుక నంబరు ఉంది. తండ్రి వెళ్లాక పుట్టిన బిడ్డ ఈమె.

"పైసలు వద్దమ్మా నాకు. మా నాయిన పారిపోలేదని ఒక్క కాయిదం గావాలె."

యోహానుది మల్యాల దగ్గర ఊరు. 1944లో ఆ ఊరి పోలీస్ పటేలుకు సైన్యం నుంచి ఒక ఉత్తరం వచ్చిందట. ఫలానా సిపాయి గైర్హాజరయ్యాడు, ఇంటికి వచ్చాడా అని. పటేలు దాన్ని చావడిలో చదివాడు. అడిగిన ప్రశ్నే ఊరికి జవాబైపోయింది. యోహాను పారిపోయాడు. ఆ మాటలు పడలేక భార్య రాహేలు చంటిపిల్లను ఎత్తుకుని కోరుట్లలోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు కోరుట్ల క్రైస్తవ శ్మశానంలో యోహాను సమాధి లేచింది. దొంగచాటుగా వచ్చి అత్తగారింట్లో దాక్కుని చచ్చిపోయాడని ఊరు ఇంకో మాట కలిపింది.

"మీ అమ్మ ఏం చెప్పేది?" అని అడిగాను.

"మా అవ్వ ఏం జెప్పకపోయేది. క్రిస్మసుకు, సమాధుల పండుగకు నన్ను తీస్కపోయి, మీ నాయిన గీడనే ఉన్నడు, దండం బెట్టు అనేది. గంతే. ఇప్పుడు అవ్వ గూడ లేదాయె. మా పెద్దనాయిన కొడుకు దావీదు నన్ను ఇప్పటికీ భగోడ బిడ్డ, పారిపోయినోని బిడ్డ అనే పిలుస్తడు."

నంబరు పెట్టి రికార్డు ఆఫీసుకు రాశాను. నాలుగు నెలలకు రెండు వరుసల జవాబు వచ్చింది: 1944 మే నుంచి గైర్హాజరు, తర్వాతి పుటలు శిథిలం. అప్పుడు కోరుట్ల శ్మశానానికి వెళ్లాను. రాయి మీద ఇలా ఉంది: "యోహాను, సిపాయి. ప్రభువునందు నిద్రించెను. ఫిబ్రవరి 1945."

లెక్క వేశాను. మేలో దళం నుంచి మాయం. ఫిబ్రవరిలో కోరుట్లలో సమాధి. మధ్య తొమ్మిది నెలలు. బస్సుకు పది నిమిషాలే ఉన్నాయని గేటు దాటకముందే మనసులో నోటు రాసేశాను. "సదరు సిపాయి దళం విడిచి ఇంటికి చేరి మరణించినట్లు తెలియుచున్నది" అని సంతోషమ్మకు ఉత్తరం పంపాను. సంతకం నాదే.

ఆమె మళ్లీ రాలేదు. ఫైలు మూసేశాను. రెండు రుజువులు, ఒక తీసివేత. నిజం చెప్పాలంటే, ఆ లెక్క చూసుకుని కొంచెం మురిసిపోయాను కూడా.

టెంటు కింద

2011లో తెలంగాణ కోసం ఉద్యోగులందరం సమ్మెకు దిగాం. అప్పటికి నేను జగిత్యాలలో కాపురం ఉంటూ రోజూ కరీంనగర్ వెళ్లి వచ్చేదాన్ని. బస్సులు నిలిచిపోవడంతో జగిత్యాల ఉద్యోగుల శిబిరంలోనే కూర్చున్నాను. పందొమ్మిదో రోజు రోడ్డు మీద వంటావార్పు. ఊళ్ల నుంచి ఆడవాళ్లు బియ్యం, కట్టెలు, గంజులు పట్టుకుని వచ్చారు. అన్నం ఉడుకుతోంది, డప్పులు మోగుతున్నాయి, నేను ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. మా పక్క ఆఫీసు టైపిస్టు, "మేడం, ఉల్లిగడ్డ ముక్కలు గూడ స్కేలు పెట్టి కోస్తున్నరా?" అని నవ్వుతోంది.

ఎదురుగా ఒక ముసలామె వచ్చి నిలబడింది. సంతోషమ్మ. పదమూడేళ్లయినా గుర్తుపట్టాను.

"గీ అమ్మనే. మా నాయినను భగోడ జేసింది గీ అమ్మనే" అంది, నలుగురికీ వినబడేలా.

డప్పులు ఆగలేదు కానీ దగ్గరున్నవాళ్లు ఆగారు. నేను చాకు కింద పెట్టి, "సంతోషమ్మా, నేను చేసింది కాదు. రికార్డులో గైర్హాజరని ఉంది" అన్నాను.

"గైరాజరా? సరే తియ్యి. మీరంత కొల్వులు ఇడిసి గీడ రోడ్డు మీద కూసున్నరు గదా. మీ పేర్లు రాసే బుక్కుల మిమ్ములనేమని రాస్తుండ్రు?"

టైపిస్టే మెల్లగా, "గైర్హాజరనే రాస్తరు" అంది.

"మరి మీరు పారిపోయిండ్రా?"

పందొమ్మిది రోజులుగా మా హాజరు పట్టీలో నా పేరు ఎదుట పందొమ్మిది ఎర్ర గీతలు పడి ఉంటాయి. గీసినవాడికి తెలిసింది నేను కుర్చీలో లేననే. ఎక్కడున్నానో, ఎందుకున్నానో అతను చూడలేదు. గీతను తప్పుపట్టలేం, అది అంతకన్నా ఎక్కువ చెప్పనూ లేదు. కర్నల్ సాబ్ ప్రశ్నను పదమూడేళ్లకు ఒక కూలిమనిషి నన్ను నడిరోడ్డు మీద అడిగింది.

"మళ్ల చూస్త" అన్నాను.

"జూడు. జూసినంక అన్నం తిను" అని, నా విస్తరిలో తనే అన్నం పెట్టి పోయింది. ఆ మాట తిట్టో, మర్యాదో ఈనాటికీ తేల్చుకోలేదు.

టేపు

రెండు రోజుల తర్వాత మా ఇంటి ఓనరు కొడుకు స్కూటరు మీద కోరుట్లకు తీసుకెళ్లాడు. ఈసారి బస్సు తొందర లేదు. బస్సులే లేవు. రాయి మీది అక్షరాలు మళ్లీ చదివాను, అవేమీ మారలేదు. తర్వాత, 1998లో చేయని పని చేశాను. సంచిలోంచి టేపు తీశాను.

నేను టేపు లేకుండా ఇల్లు దాటను. గుడ్డ కొన్నా, తలుపు చేయించినా కొలుస్తాను. ఆ సమాధిని మాత్రం కొలవలేదు. మూడడుగుల రెండంగుళాలు. కుడి పక్కది ఆరడుగుల నాలుగు. ఎడమ పక్కది ఆరడుగులు. చిన్నపిల్లల వరుస వేరే ఉంది, గోడ వెంబడి. పెద్దవాళ్ల వరుసలో ఇదొక్కటే పొట్టి.

శ్మశానంలో గుంతలు తవ్వే యాకోబు గడ్డి కోయడం ఆపి నన్ను చూస్తున్నాడు. డెబ్బై దాటినవాడు. అతని తండ్రిదీ అదే పని.

"ఏం గొలుస్తున్నవ్ మేడం? జాగ గావాల్నా?" అన్నాడు.

"నాకు అప్పుడే వద్దు గానీ, ఇది ఇంత చిన్నగా ఉందేంది?"

"గదా? గది మనిషిని పెట్టిన గుంత గాదు. పెట్టెను పెట్టిన గుంత. మా నాయిన తవ్విండు. దేశం అవుతల యుద్ధంల సచ్చిపోతే పీనుగ యాడ దొరుకుతది? సర్కారు రేకు పెట్టె పంపిందట. దాంట్ల అంగి, దుప్పటి, ఇత్తడి గిలాస. రాహేలమ్మ వచ్చి, నాకు నా మనిషి గావాలె, నా బిడ్డ దండం బెట్టుకోను జాగ గావాలె అన్నదట. మనిషి లేడాయె, పెట్టెనే పెట్టిండ్రు."

"ఈ సంగతి సంతోషమ్మకు ఎవరూ చెప్పలేదా?"

"ఉత్త పెట్టె అని తెలిస్తె బిడ్డకు దండం బెట్టుకోను నాయిన ఉండడని రాహేలమ్మ చెప్పద్దన్నది. చెప్పద్దన్న మాట మేమెట్ల జెప్తం? నువ్వు గుంతను గొల్చినవు గనక చెప్తున్న."

టేపు చుట్టి సంచిలో వేశాను. పారిపోయినవాడి సామాను ఎవరూ పెట్టెలో పెట్టి ఇంటికి పంపరు. చనిపోయాడని నమ్మితేనే పంపుతారు. తొమ్మిది నెలలు ఒక మనిషి దాక్కున్న కాలమని నేను లెక్క వేశాను. అది ఒక పెట్టె ఇల్లు చేరడానికి పట్టిన కాలం. తీసివేత సరిగ్గానే వచ్చింది. తీసిన అంకెలు దేనివో నాకు తెలియలేదు, అంతే.

అయితే యాకోబు చెప్పిందీ విన్నమాటే. ఆనాటి పాస్టరు రాసిన సమాధుల రిజిస్టరు ఆయన కూతురి దగ్గర సిరిసిల్లలో ఉందని అతనే చెప్పాడు. సిరిసిల్ల మా పుట్టింటి ఊరు. సమ్మె ముగిసిన మొదటి ఆదివారం వెళ్లాను. ఆమె రిటైరైన టీచరు. రిజిస్టరు చేతికివ్వలేదు. తనే పుటలు తిప్పింది, నన్ను పక్కన కూర్చుని చూడమంది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. 1945 ఫిబ్రవరి పుటలో పాస్టరు గుండ్రటి అక్షరాలు: "యోహాను, సిపాయి. దేహము రాలేదు. సర్కారు పంపిన రేకు పెట్టెను భార్య కోరిక మీద పూడ్చితిమి." ఆయన గుంత పక్కన నిలబడి రాశాడు.

కొత్తవాళ్లకు ఒక మాట

మీరు రాసే ఉత్తరంలో అడిగే ప్రశ్న మీద జవాబు ఆధారపడుతుంది. 1998లో నేను, "ఈ సిపాయి దళం విడిచి వెళ్లాడా?" అని అడిగాను. గైర్హాజరు అన్నారు. ఈసారి, "ఈ నంబరు సిపాయి సామాను ఏ ఉత్తర్వు మీద ఇంటికి పంపారు?" అని అడిగాను. పాస్టరు కూతురు రాసిచ్చిన రిజిస్టరు పుట నకలు జతచేశాను. యుద్ధ సమాధుల పేర్లు చూసే విదేశీ సంస్థకు కూడా అదే నంబరుతో రాశాను.

ఇంకొకటి. జవాబులు వచ్చేదాకా సంతోషమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆరు నెలలు. ఇది క్రూరంగా కనిపించవచ్చు. సగం రుజువుతో ఒకసారి ఆమె ఇంటికి ఉత్తరం పంపినదాన్ని, రెండోసారి పంపే హక్కు నాకు లేదు. నా పదవీ విరమణకు మిగిలిన నెలలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. నా తర్వాత వచ్చేవాళ్లు మూసిన ఫైలు తెరవరు.

2012 ఏప్రిల్‌లో, పది రోజుల తేడాతో, రెండు జవాబులూ వచ్చాయి. 1944 మేలో నది మీద వంతెన పని జరుగుతుండగా దళం మీద దాడి జరిగింది. గాయపడినవాళ్లను ఇవతలి గట్టుకు చేర్చేటప్పుడు, మోస్తున్నవాళ్లలో యోహానుతో సహా ముగ్గురు నీళ్లలో కనబడకుండా పోయారు. ముందు గైర్హాజరని రాసి, విచారణ తర్వాత ముగ్గురూ మరణించినట్లు తేల్చారు. మృతుల పట్టీలో విడిగా ఉన్న ఆ రెండో కాగితం నా ఫైలుకు ఎన్నడూ రాలేదు, ఎందుకంటే నేను అడగలేదు. సమాధి లేని సిపాయిల కోసం బర్మాలో కట్టిన స్మారకం గోడ మీద యోహాను పేరు చెక్కి ఉంది.

పెగడపల్లిలో

కాగితాలు పట్టుకుని పెగడపల్లి వెళ్లాను. సంతోషమ్మ మక్క కంకులు ఒలుస్తోంది. లేవలేదు. నేనే నేల మీద కూర్చుని, ముందు నా తప్పు చెప్పాను. తర్వాత నది సంగతి చదివాను. గాయపడినవాళ్లను మోస్తూ పోయాడన్న చోట చెయ్యెత్తి, "మళ్ల సదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది.

చివరికి పెట్టె సంగతి చెప్పక తప్పలేదు. పారిపోలేదన్న మాట ఇచ్చి, ఆమె దండం పెట్టుకునే చోటును లాగేసుకుంటున్నానని నాకు తెలుసు. ఆ మాటకు ఆమె చేతిలో కంకి ఆగింది.

"అయితే మా నాయిన గాడ లేడు?"

"లేడు. అంగి, దుప్పటి, గ్లాసు ఉన్నాయి."

"గిన్నేండ్ల సంది దుప్పటికి దండం బెట్టిన్నా?" చాలాసేపు గింజలు ఒలిచింది. తర్వాత, "ఆయన గప్పుకున్నదే గదా" అంది. ఇంకా కొంతసేపటికి, "మా అవ్వ ఎంత గట్టిది!" అని నవ్వింది. కళ్లు తుడుచుకోలేదు. నేను తుడుచుకున్నాను.

"ఇగ గీ కాయిదం నాకొక్కదానికే సదివితే గాదు. కోరుట్ల గుడిల, అందరి ముంగట సదువు. దావీదును గూడ పిలుస్త. గా పాత కాయిదం గూడ సదువు. ఎవలు రాసిండ్రో గూడ జెప్పు."

మే నెల ఒక ఆదివారం చదివాను. ఉద్యోగంలో ఎన్నో ఉత్తర్వులు రాశాను గానీ నలుగురి ముందు నిలబడి చదివింది ఏదీ లేదు. ముందు 1998 ఉత్తరం, కింద నా పేరు. తర్వాత కొత్తవి రెండు. ఆరాధన ముగిశాక దావీదు కర్ర పట్టుకుని లేచాడు. డెబ్బై ఐదేళ్లుంటాయి.

"చెల్లె, మా నాయిన చెప్పిందే నేను అన్న. నాకేమెరుక?"

"గిప్పుడెరికాయె గదా. మరి ఇప్పుడేమని పిలుస్తవ్?"

"సిపాయి బిడ్డ అంట."

"గట్టిగ అను. చర్చి అవతల గూడ ఇనబడాలె."

అన్నాడు. జనం నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు, తల ఎత్తి నిలబడి విన్నది.

అందరం శ్మశానానికి నడిచాం. రాతిపనివాణ్ణి నేనే పిలిపించి ఉంచాను. నంబరు, నది, స్మారకం సంగతి చెక్కవలసిన వరుసలు కాగితం మీద రాసిచ్చాను. పై వరుస చూపించి, "ఈ ఫిబ్రవరి 1945 తీసేసి మే 1944 పెట్టు. ఆయన పోయింది మేలో" అన్నాను.

సంతోషమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గది ముట్టద్దు."

"తేదీ తప్పు సంతోషమ్మా. రేపు ఎవరైనా చదివితే నేను చేసిన పొరపాటే చేస్తారు."

"జేయరు. కింద రాస్తున్నవు గదా. మే నెలల మా నాయిన నదిల పోయిండు, గది సర్కారు తారీకు. ఫిబ్రవరిల మా అవ్వ ఆయనను ఇంటికి తెచ్చుకున్నది. గది మా అవ్వ తారీకు. ఉండనియ్యి."

రాతిపనివాడు ఉలి పట్టుకుని నా వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్లలో నా బల్ల మీద నుంచి తప్పు తేదీతో ఒక్క కాగితం దాటనివ్వలేదు. పై వరుస వదిలేసి, కింద నుంచి మొదలుపెట్టమని అతనికి చెప్పాను.